తాళం పడిన లాప్‌టాప్‌లో నాలుగేళ్ళ చెరువు లెక్కలు

కైకలూరు (మా గ్రామీణ విలేఖరి):

కొల్లేటి ఒడ్డున ఒక లంక గ్రామం. ఊరి పేరు, ఇంటి పేరు వ్రాయవద్దని ఆ ఇల్లాలు కోరినందున వ్రాయడం లేదు. పదకొండు మంది వాటాదారులు కలిసి సాగు చేసే చేపల చెరువు ఒకటి ఆ ఊరి వెలుపల ఉన్నది. ఐదో కాంటూరుకు పైన, జిరాయితీ భూమిలో తవ్విన చెరువు. 2006లో అభయారణ్యం పరిధిలోని చెరువుల గట్లు కొట్టివేసినప్పుడు కూడా దీని జోలికి ఎవరూ రాలేదు. 2020 నుంచి ఈ చెరువు లెక్కలన్నీ ఒకే మనిషి చూశారు. పిల్ల వేసిన తేదీ, తవుడు, చెక్క బస్తాలు, పట్టుబడి నాటి తూకం, ఐసు ఖర్చు, లారీ కిరాయి, ఎవరి వాటా ఎంత, ఎవరు ముందుగా ఎంత వాడుకున్నారు, అంతా ఆయనే. అంతకుముందు వ్రాసే పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకాన్ని అటకెక్కించి, కూతురి చదువు కోసం కొన్న లాప్‌టాప్‌లో వ్రాయడం మొదలుపెట్టారు. 2024 వర్షాకాలం చివర ఆయన గుండెపోటుతో పోయారు. లాప్‌టాప్ తెరిచే మాట ఎవరికీ చెప్పి పోలేదు.

ఏడాది పాటు ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. మరో వాటాదారు నోటు పుస్తకంలో కొత్త లెక్క మొదలుపెట్టారు. సంవత్సరీకం అయిన తర్వాత, 2025 కార్తీకంలో, మేత షావుకారు ఇంటికి వచ్చి కూర్చున్నారు. "చెల్లెమ్మా, ఇన్నాళ్ళూ అడగడం మర్యాద కాదని ఊరుకున్నాను. బావగారి కాలం నాటి పాత బాకీ ఆరు లక్షల నలభై వేలు ఉంది. నా పుస్తకం చూడండి" అన్నారు. అది చెరువు బాకీయే. కాని లెక్కలు చూసిన మనిషి లేనందున, మిగిలిన పది మందీ ఆమె ముఖం చూశారు. ఆయన చెల్లు వేశారో లేదో చెప్పగలిగింది ఆ నల్లటి పెట్టె ఒక్కటే.

ఈ విలేఖరికి ఆ కుటుంబంతో పాత పరిచయం. ఆ ఇంటి అమ్మాయి ఏలూరులో డిగ్రీ చదువుతున్నది. "బాబాయి గారూ, మీరు పేపరుకు వార్తలు కంప్యూటరులోనే పంపుతారు కదా, ఒకసారి చూడండి" అని ఫోను చేసింది. నాకు తెలిసింది వార్త టైపు చేసి పంపడం వరకే. అయినా వెళ్ళాను. ఆ తర్వాత పదిహేను రోజులు ఏలూరు, తాడేపల్లిగూడెం తిరిగి తెలుసుకొన్నదే ఇక్కడ వ్రాస్తున్నాను. ఇలాంటి ఇబ్బంది ఈ ఒక్క ఇంటిదే కాదు. 2020లో కరోనా రోజుల్లో పిల్లల ఆన్‌లైన్ తరగతుల కోసం మన పల్లెల్లో చాలామంది అప్పో సప్పో చేసి పాత లాప్‌టాప్‌లు కొన్నారు. ఇప్పుడు పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు వెళ్ళిపోయారు. పెట్టెలు మాత్రం ఇంట్లో మూలన ఉన్నాయి. తెరవబోతే ఎవరి పేరో కనిపించి పాస్‌వర్డు అడుగుతుంది.

పుట్టిన తేదీ కాదు, సర్వే నెంబరూ కాదు

లాప్‌టాప్ మూత తీయగానే ఆయన పేరు వచ్చింది. కింద నాలుగు అంకెల పిన్ను అడిగింది. అమ్మాయికి పాత పిన్ను తెలుసు. కాని తాను హాస్టలుకు వెళ్ళాక నాన్న దానిని మార్చుకొన్నారు. పుట్టిన సంవత్సరం, పెళ్ళి తేదీ, మోటారు సైకిలు నెంబరు, చెరువు సర్వే నెంబరు, ఒకదాని తర్వాత ఒకటి కొట్టి చూశారు. కొన్నిసార్లు తప్పిన తర్వాత ఏ-1, బీ-2, సీ-3 అని వరుసగా టైపు చేయమన్నది. అదేదో రహస్య సంకేతమని తల్లి ఆశపడ్డారు. అది సంకేతం కాదు. కొడుతున్నది మనిషే గాని పొరబాటున మీట మీద పడిన వస్తువు కాదని తేల్చుకోవడానికి యంత్రం పెట్టే పరీక్ష మాత్రమే. మరి కొన్నిసార్లు తప్పాక పెట్టెను ఆపి మళ్ళీ వేయమన్నది.

ఇక్కడ ఒక సంగతి పాఠకులు గ్రహించాలి. పిన్ను వేరు, పాస్‌వర్డు వేరు. పిన్ను ఆ ఒక్క పెట్టెకే చెల్లుతుంది. పాస్‌వర్డు మైక్రోసాఫ్ట్ కంపెనీ దగ్గర ఉండే ఖాతాది. 2012 అక్టోబరులో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి ఇంట్లోని కంప్యూటరును ఈ ఖాతాతో ముడివేయడం మొదలైంది. అంతకుముందు విండోస్ 7 పెట్టెలలో తాళం, తాళంచెవి రెండూ పెట్టెలోనే ఉండేవి. ఇప్పుడు తాళం మన ఇంట్లో, తాళంచెవి అమెరికాలో.

ఆ కంపెనీకి 2014 ఫిబ్రవరి నుంచి అధిపతి మన తెలుగువారే, సత్య నాదెళ్ళ. ఆయన తండ్రి యుగంధర్ గారు అనంతపురం జిల్లా బుక్కాపురంలో పుట్టి ఐ.ఏ.ఎస్. అధికారిగా పేరు తెచ్చుకొన్నారు. "మనవాడే కదా, ఒక ఉత్తరం వ్రాస్తే చెప్పడా?" అని వాటాదారులలో ఒక పెద్దాయన అడిగారు. ఆయన తలచుకొన్నా చెప్పలేరు. పాస్‌వర్డును ఉన్నది ఉన్నట్టుగా దాచరు. దానిని మరలా వెనక్కు తిప్పరాని విధంగా మార్చి, ఆ మార్పు రూపాన్నే దాచుతారు. తవుడు చూసి ఏ ధాన్యం ఆడారో పోల్చవచ్చు గాని, తవుడును మళ్ళీ ధాన్యం చేయలేము కదా. మనం కొట్టిన మాటను మళ్ళీ అదే మరలో వేసి, వచ్చిన తవుడు పాత తవుడుతో సరిపోయిందా అని మాత్రమే చూస్తారు. అందుకే ఏ కంపెనీ అయినా "కొత్తది పెట్టుకోండి" అంటుంది గాని "మీ పాతది ఇది" అని చెప్పదు. అలా చెప్పే కంపెనీ ఉంటే దానిని నమ్మరాదు. కంప్యూటరుకు పాస్‌వర్డు పెట్టే పద్ధతి 1960ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో కార్బటో అనే ఆయన బృందం మొదలుపెట్టింది. ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకోవలసి వచ్చి పెట్టిన ఏర్పాటు అది. 1962లోనే అక్కడి విద్యార్థి ఒకరు అందరి పాస్‌వర్డులూ అచ్చు వేయించి తీసుకొన్నారు. అప్పట్లో ఉన్నది ఉన్నట్టు దాచడమే అందుకు కారణం.

నాన్న నెంబరుకు ఫోను చేస్తే

పాస్‌వర్డు పోయినప్పుడు మొదటి దారి తేలికైనదే. వేరే ఫోనులో గాని, వేరే కంప్యూటరులో గాని మైక్రోసాఫ్ట్ వారి ఖాతా పేజీ తెరిచి, మరచిపోయాను అని నొక్కితే, ఖాతాకు ఇచ్చిన ఫోను నెంబరుకో, రెండో ఈమెయిలుకో అంకెలు పంపుతారు. అవి కొట్టి కొత్త పాస్‌వర్డు పెట్టుకోవచ్చు. బతికి ఉన్న మనిషి, పని చేసే నెంబరు ఉంటే ఇది పది నిమిషాల పని. ఇలా మార్చిన తర్వాత చాలామంది ఒక పొరబాటు చేస్తారు. లాప్‌టాప్‌కు ఇంటర్నెట్ తగిలించకుండానే కొత్త పాస్‌వర్డు కొట్టి, పని చేయలేదని నెత్తి కొట్టుకొంటారు. నెట్ లేని పెట్టెకు కొత్తది తెలియదు, పాతదే అడుగుతుంది. తెర మీద కింది కుడి మూలన ఉన్న గుర్తు నొక్కి, సెల్‌ఫోను హాట్‌స్పాట్ కలిపి, అప్పుడు కొట్టాలి.

ఈ ఇంట్లో ఆ దారి మూసుకుపోయింది. ఖాతాకు ఇచ్చింది ఆయన సెల్ నెంబరు. ఆయన పోయాక ఆ ఫోనుకు రీచార్జి చేయించలేదు. తొంభై రోజులు వాడకం లేకపోతే నెంబరు తీసివేసే హక్కు కంపెనీలకు ఉన్నది. ఆ పైన కొంత కాలానికి దానిని వేరొకరికి ఇస్తారు. అమ్మాయి నా ఎదుటే నాన్న నెంబరుకు ఫోను చేసింది. రెండు మోగులకే ఎత్తారు. "ఎవరండీ?" అన్నది ఒక కుర్రవాడి గొంతు, ఉత్తరాంధ్ర యాస. అమ్మాయి మాట్లాడలేకపోయింది. నేను తీసుకొని విషయం చెప్పాను. ఆ నెంబరు ఆ అబ్బాయి కొని నాలుగు నెలలు అయిందట. "అంకెలు వస్తే చెప్పమంటారా అండీ?" అని తనే అడిగాడు. మంచివాడే. కాని పరాయి మనిషి ఫోనుకు వచ్చే అంకెల మీద ఇంటి ఖాతా నడిపించడం ఎంతవరకు సబబని నేనే వెనుకాడాను. చివరకు ఒకసారి ప్రయత్నించాము. అంకెలు రాలేదు. నాన్న ఖాతా తెరిచినప్పుడు ఇచ్చింది ఇంకా పాత నెంబరట. మధ్యలో నెంబరు మార్చి, ఖాతాలో మార్చడం మరచారు.

ఇంట్లో మనిషి పోయినప్పుడు బ్యాంకు పుస్తకం, పింఛను కాగితాలు చూసుకొంటాము గాని సెల్ నెంబరును తలచుకోము. మరణ ధృవీకరణ పత్రం, వారసుల కాగితాలు చూపి, కంపెనీ దుకాణంలో ఆ నెంబరును ఇంట్లో మరొకరి పేరుకు మార్పించుకొనే వీలున్నది. అది మొదటి నెలలోనే చేయాలి. బ్యాంకు, గ్యాసు, ఆధారు అన్నీ ఆ నెంబరుకే వేలాడుతుంటాయి.

రెండో దారి, ఖాతా తిరిగి ఇవ్వమని కంపెనీకి ఫారం పెట్టడం. పాత పాస్‌వర్డులు ఏమైనా గుర్తున్నాయా, ఎవరెవరికి ఈమెయిళ్ళు పంపారు, వాటి శీర్షికలు ఏమిటి అని అడుగుతుంది. ఆయన జీవితంలో ఈమెయిలు పంపిన మనిషి కాడు. మర్నాటికే జవాబు వచ్చింది, వివరాలు చాలవని. మరణించినవారి ఖాతాను బంధువులకు ఇవ్వాలంటే కోర్టు ఉత్తర్వు కావాలన్నది ఆ కంపెనీ నియమం. ఆరు లక్షల తగాదాకు అమెరికా కంపెనీ మీద కోర్టుకు వెళ్ళేవారెవరు?

ఈ మధ్యలో మరొక ఉపద్రవం తప్పింది. తల్లి తమ్ముడు ఫోనులో వెతికి "కస్టమర్ కేర్" నెంబరు ఒకటి పట్టుకొచ్చారు. అవతలి మనిషి తియ్యగా మాట్లాడాడు. తెర కనిపించే యాప్ ఒకటి దించుకోమన్నాడు, పది రూపాయలు కట్టమన్నాడు, బ్యాంకు నుంచి వచ్చిన అంకెలు చదవమన్నాడు. అమ్మాయి చేతిలోంచి ఫోను లాక్కొని కట్టేసింది. లేకుంటే పట్టుబడి డబ్బు మొత్తం ఆ రోజే పోయేది. ఇలా డబ్బు పోతే వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయాలి. ఆలస్యం అయ్యేకొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది.

"ఫార్మాటు చేసేద్దామా?"

ఏలూరులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణానికి తీసుకువెళ్ళాము. పేరు అనవసరం. కుర్రవాడు చూడగానే "ఐదు వందలు. సాయంత్రానికి ఇస్తాను, ఫార్మాటు చేసేద్దాం" అన్నాడు. "లెక్కలు ఉంటాయా?" అని ఆమె అడిగారు. "అన్నీ పోతాయి అమ్మా. పెట్టె మాత్రం కొత్తదానిలా ఉంటుంది" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. అడిగినందుకు చెప్పాడు. అడగనివారికి ఎందరికి ఇలా చేసి ఇచ్చాడో అన్న ఆలోచన మాత్రం నన్ను వదలలేదు. ఆమె లాప్‌టాప్‌ను చీర కొంగులో చుట్టుకొని బయటకు వచ్చేశారు. ఏలూరు నుంచి తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఇక్కడే మన పాఠకులు ఎక్కువ మంది మోసపోయేది. తాళం పోయిన పెట్టెను మళ్ళీ పనికి తేవడం ఒక పని. అందులోని సరుకును కాపాడుకోవడం మరొక పని. మొదటిది ముందు చేస్తే రెండోది ఎప్పటికీ కాదు.

దారి చూపింది ఆమె మేనల్లుడు. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. ఫోనులో అంతా విని, "అత్తా, ఎవరినీ ముట్టుకోనివ్వకు. ఆదివారం తీసుకురా" అన్నాడు. ఆదివారం ఉల్లిపాయల మార్కెట్టు వైపు ఉన్న అతని గదికి వెళ్ళాము. లాప్‌టాప్‌ను బోర్లా పెట్టి, బ్యాటరీ తీసి, చిన్న మరలు విప్పి, లోపల నుంచి అరచేతిలో సగం ఉన్న ఇనుప బిళ్ళ ఒకటి బయటకు తీశాడు. అది హార్డ్ డిస్కు. వ్రాసిందంతా దాని మీదే ఉంటుంది. తెర మీద అడిగే పాస్‌వర్డు ఇంటి వీధి తలుపు వంటిది. హార్డ్ డిస్కును బయటకు తెస్తే ఆ తలుపుతో పని లేదు. కొన్ని వందలకు దొరికే ఒక డబ్బాలో దానిని పెట్టి, తన కంప్యూటరుకు తీగతో తగిలించాడు.

"ఇప్పుడు దేవుణ్ణి తలచుకో అత్తా. డిస్కు మీద తాళం బొమ్మ వస్తే మన పని అయిపోయినట్టే" అన్నాడు. అతని భయం ఇది. కొత్త రకం లాప్‌టాప్‌లలో హార్డ్ డిస్కు మీది వ్రాతనే గజిబిజి చేసి దాచే ఏర్పాటు ఉంటుంది. బిట్‌లాకర్ అంటారు. దానిని విప్పడానికి 48 అంకెల మరో తాళంచెవి కావాలి. ఆ అంకెలు సాధారణంగా ఉండేది మళ్ళీ ఆ పోయిన ఖాతాలోనే! అలాంటి పెట్టె విషయంలో పాస్‌వర్డు పోతే సరుకు మీద ఆశ వదులుకోవలసిందే. కొత్త పెట్టె కొన్నవారు ఆ 48 అంకెలు ముందే కాగితం మీద వ్రాయించుకోవడం మంచిది.

తాళం బొమ్మ రాలేదు. ఇది పాత పెట్టె కావడమే మేలయింది. యూజర్స్ అనే అరలో ఆయన పేరుతో ఒక అర కనిపించింది. నొక్కితే "మీకు అనుమతి లేదు" అన్నది. కిందనే కొనసాగించు అన్న మీట ఉన్నది. అది నొక్కి, సన్నగా నడిచే ఆకుపచ్చ గీత వైపు చూస్తూ అరగంట కూర్చున్నాము. తెరుచుకున్నది. డెస్క్‌టాప్ మీద "చెరువు" అన్న అర, అందులో సంవత్సరానికి ఒకటి చొప్పున ఐదు లెక్కల కాగితాలు, 2020 నుంచి 2024 వరకు. పక్కనే పిల్లల ఫొటోలు, ఆటపాకలో గూడబాతుల ఫొటోలు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరనాటివి. మేనల్లుడు అన్నిటినీ రెండు పెన్‌డ్రైవులలో ఎక్కించాడు. ఒకటి చాలదా అంటే, "ఒకటి చేపల నీళ్ళలో పడుతుంది" అన్నాడు.

ఆమె తెర మీది అంకెలు చూడలేదు. ఫొటోలు చూశారు.

పెట్టెను మళ్ళీ మొదటికి తేవడం

సరుకు బయటపడిన తర్వాతే రీసెట్. హార్డ్ డిస్కును మళ్ళీ బిగించి, చార్జరు తగిలించే ఉంచి (మధ్యలో కరెంటు పోతే పెట్టె ఎందుకూ కొరగాకుండా పోవచ్చు, మన లంకల్లో కరెంటు సంగతి అందరికీ తెలిసిందే), పేరు కనిపించే తెర దగ్గర షిఫ్టు మీటను నొక్కి పట్టుకొని, కింది మూల ఉన్న పవరు గుర్తులో రీస్టార్టు అన్నాడు. నీలం రంగు తెర వచ్చింది. అందులో ట్రబుల్‌షూట్, దాని లోపల "రీసెట్ దిస్ పీసీ". అక్కడ రెండు దారులు చూపుతుంది. ఒకటి, నా ఫైళ్ళు ఉంచు. రెండు, అన్నీ తీసివేయి. మొదటిది చూసి మనకు ప్రాణం లేచి వస్తుంది. కాని తాళం పోయినవారికి అది పనికిరాదు. ఫైళ్ళతో పాటు పాత ఖాతాను, దాని పాస్‌వర్డును కూడా అది అలాగే ఉంచుతుంది. రెండోదే నొక్కాలి. అందుకే ముందు సరుకు తీసుకోవాలన్నది.

ఆ తర్వాత మరో ప్రశ్న అడిగింది, ఫైళ్ళు మాత్రం తీసివేయాలా, డిస్కు అంతా శుభ్రంగా కడగాలా అని. మన ఇంట్లోనే ఉండే పెట్టెకు మొదటిది చాలు. పరాయివారికి అమ్మేటట్లయితే రెండోదే చేయాలి. గంటల తరబడి పట్టినా సరే. లేకపోతే చెరిపిన లెక్కలను, ఫొటోలను తెలిసినవారు మళ్ళీ పైకి తీయగలరు. ఇక విండోస్‌ను ఇంటర్నెట్ నుంచి దించాలా, పెట్టెలో ఉన్నదే వాడాలా అని కూడా అడగవచ్చు. నెట్ నుంచి అయితే నాలుగు జీబీకి పైగా ఖర్చవుతుంది. సెల్‌ఫోను డేటా మీద బతికేవారు పెట్టెలో ఉన్నదే వాడుకోవడం మేలు.

అసలు నీలం తెరే రాకుండా పెట్టె మొరాయిస్తే, వేరే కంప్యూటరులో మైక్రోసాఫ్ట్ వారు ఉచితంగా ఇచ్చే సాధనంతో 8 జీబీ పెన్‌డ్రైవు ఒకటి తయారు చేసుకొని దాని నుంచి ఎక్కించుకోవచ్చు. ఆ పెన్‌డ్రైవులో అంతకుముందు ఉన్నవి పోతాయి, అది మరువరాదు. విండోస్ కొనుక్కోవాలేమోనని భయపడనక్కర లేదు. విండోస్ 8 కాలం నుంచి కంపెనీ విండోస్‌తో వచ్చిన పెట్టెలకు దాని హక్కు నెంబరు లోపలి బోర్డులోనే పొదిగి ఉంటుంది. నెట్ తగలగానే అదే గుర్తుపడుతుంది. విండోస్ 7 నాటి ఇంకా పాత పెట్టెలకు తయారీదారులు వేరే మీటలు పెట్టారు. హెచ్.పి.కి ఎఫ్-11, ఏసరుకు ఆల్ట్‌తో కలిపి ఎఫ్-10, ఏసూస్‌కు ఎఫ్-9. పెట్టె వేయగానే ఆ మీట కొడుతూ ఉండాలి. కొన్ని లెనోవో పెట్టెలకు పక్కన గుండుసూది పట్టేంత చిన్న రంధ్రం ఉంటుంది.

ఇలా చేసిన పెట్టె పాత యజమాని పాస్‌వర్డు మళ్ళీ అడగదు. సెల్‌ఫోను సంగతి అలా కాదు. 2015 నుంచి వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్లను పక్క మీటలతో రీసెట్ చేసినా పాత గూగుల్ ఖాతా అడిగి తీరుతుంది. దొంగలకు పనికిరాకుండా ఆ ఏర్పాటు. 2018 తర్వాతి ఆపిల్ లాప్‌టాప్‌లలోనూ అలాంటిదే ఉన్నది. కంపెనీలు తమ ఉద్యోగులకు ఇచ్చి తర్వాత అమ్మివేసిన విండోస్ లాప్‌టాప్‌లు కొన్ని కూడా రీసెట్ కాగానే ఆ కంపెనీ పేరు చూపి ఉద్యోగి పాస్‌వర్డు అడుగుతాయి. విజయవాడలోనో, హైదరాబాదులోనో చౌకగా వచ్చిందని పాత సరుకు కొనేవారు డబ్బు ఇవ్వకముందే, అక్కడే రీసెట్ చేయించి, మొదటి తెర దాటేదాకా చూడాలి. బిల్లు అడగాలి. బిల్లు లేదు, తాళం తీయడం రాదు అన్న పెట్టె దొంగ సరుకు కావచ్చు.

మరో మాట. విండోస్ 10కి కంపెనీ మామూలు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఈ పెట్టె వంటి పాతవాటికి విండోస్ 11 ఎక్కదు. చెరువు లెక్కలు వ్రాసుకోవడానికి అడ్డు లేదు గాని దానిలో బ్యాంకు పనులు చేయవద్దని మేనల్లుడు గట్టిగా చెప్పాడు.

షావుకారు పుస్తకం, చెరువు లెక్క

తర్వాతి గురువారం చెరువు గట్టు మీది పాకలో పదకొండు వాటాల వారూ కూర్చున్నారు. షావుకారు తన గుమాస్తాను వెంటబెట్టుకొని వచ్చారు. అమ్మాయి లాప్‌టాప్ తెరిచి నాన్న వ్రాసిన లెక్క చదివింది. ఆయన పద్దులో మేత బాకీ ఐదు లక్షల ఎనభై ఐదు వేలే. యాభై ఐదు వేలకు 2024 మే నెలలో బ్యాంకు ద్వారా పంపిన తేదీతో చెల్లు ఉన్నది. గుమాస్తా చాలాసేపు తన పుస్తకం తిరగవేశాడు. ఆ యాభై ఐదు వేలు అదే ఇంటి పేరు గల పక్క ఊరి రైతు ఖాతాలో జమ పడి ఉన్నాయి. షావుకారు ముఖం ఎర్రబడింది. "పొరబాటు మాదే" అని అందరి ఎదుట అన్నారు.

లెక్క అక్కడితో ఆగలేదు. వాటాదారుల ముందస్తు వాడకాల పట్టీలో ఆయన తన పేరు మీదనే ముప్పై వేలు వ్రాసుకొన్నారు. పక్కన "అమ్మాయి హాస్టలు" అని ఉన్నది. ఆ సంగతి వాటాదారులెవరికీ తెలియదు. అమ్మాయి ఆ వరుస దగ్గర ఆగింది. చదవకుండా దాటవేస్తే అడిగేవారు లేరు. తల్లి వైపు చూసింది. ఆమె తల ఊపారు. అమ్మాయి చదివింది. "అది వదిలెయ్యండమ్మా, మనిషే పోయాక" అని ఒకరిద్దరు అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. వచ్చే పట్టుబడిలో తమ వాటా నుంచి విరగ్గోయమన్నారు.

ఇప్పుడు ఆ లాప్‌టాప్ అమ్మాయి పేరుతో తెరుచుకొంటుంది. ఖాతాకు తన నెంబరు, అమ్మ నెంబరు రెండూ ఇచ్చింది. పాస్‌వర్డును కాగితం మీద వ్రాసి, పట్టాదారు పాసు పుస్తకంతో పాటు ట్రంకు పెట్టెలో పెట్టింది. కంప్యూటరు పండితులు కాగితం మీద వ్రాయవద్దంటారట. లంకలో ట్రంకు పెట్టె దాకా వచ్చే దొంగ బంగారం వెతుకుతాడు గాని కాగితం చదవడని ఆ తల్లి జవాబు. నేనూ ఇంటికి వెళ్ళి నాది వ్రాసి పెట్టాను, క్యాలెండరు వెనుక. మా ఇంటావిడ మర్నాడే ఆ క్యాలెండరు చింపి పాల లెక్క వ్రాసుకొన్నది.

ఎర్ర అట్ట పుస్తకం అటక మీది నుంచి మళ్ళీ దిగింది. అమ్మాయి వారానికి ఒకసారి ఏలూరు నుంచి వచ్చి, లాప్‌టాప్‌లో ఉన్నది పుస్తకంలోకి ఎత్తుతున్నది. శీలావతి పిల్ల వేసిన తేదీతో మొదటి పుట నిండింది. పట్టుబడి వేసవిలో ఉంటుందని వాటాదారులు చెబుతున్నారు.